వివరంగా చేసిన ప్రార్థన

ఆయన లోపలికి వెళ్లి తలుపు మూసుకున్నప్పుడు గోడ గడియారం పదకొండూ ఐదు చూపించింది, ఇప్పుడు పదకొండూ తొమ్మిది చూపిస్తోంది, నాలుగు నిమిషాలేనా, నాలుగు నిమిషాల్లో ఈ బెంచీ మీంచి నేను ఇన్నిసార్లు లేచి ఇన్నిసార్లు కూర్చున్నానా, గడియారం ఆగిందేమోనని చూస్తే సెకన్ల ముల్లు చక్కగా తిరుగుతోంది, దానికేం, దానికి మొగుడా పిల్లలా. లోపల ముగ్గురు డాక్టర్లున్నారు, ముగ్గురూ ఆఫీసర్లే, ఆ ముగ్గురినీ కలిపి బోర్డు అంటారు, హవల్దార్ తిరుమలేష్ అనే మా ఆయన ఇక మీదట బండి నడపొచ్చో నడపకూడదో ఆ బోర్డు తేలుస్తుంది. ఇరవై ఏళ్లుగా పటాలంలో ఆయన చేసిన పని స్టీరింగ్ పట్టుకోవడం ఒక్కటే. అది వాళ్ల చేతిలో ఉంది, నా చేతిలో లేదు. నేను చేయాల్సింది వేరే ఉంది. ఆయన జబ్బు సంగతి పైవాళ్ల దాకా మోసుకెళ్లింది ఆయన అనుకుంటున్నట్టు ఆయన స్నేహితుడు శ్రీరాములు కాదు, నేను. ఆ తలుపు తీసుకుని ఆయన బయటికి రాగానే ఆ మాట చెప్పాలి. నిన్న చెప్దామనుకున్నాను, మొన్న చెప్దామనుకున్నాను, పదిహేను రోజులుగా పొద్దున్నే లేచి ఇవాళ చెప్పేస్తానని అనుకుంటూనే మొహం కడుక్కుంటున్నాను. ప్రభువా, నా బదులు నువ్వు చెప్పకూడదా, నీకు నోరు తిరగని మాటంటూ లేదు కదా.

ఈ వరండాకి ఒక పక్క గోడ లేదు, ఇనప కమ్మీలే, వాటి అవతల పెద్ద బూరుగు చెట్టు, మార్చి నెల కాబట్టి దాని ఎర్రటి పూలు ఒక్కొక్కటీ టప్పుమని కింద పడుతున్నాయి, చీపురు పట్టుకున్న ఆమె ఊడ్చిన చోటే మళ్లీ పడుతున్నాయి, ఆమె చెట్టుని తిట్టకుండా ఊడుస్తోంది. నేనైతే తిట్టేదాన్ని. నా పక్కన ఒక హర్యానా ఆవిడ కూర్చుంది, ఆమె మొగుడికి భుజం ఎముక విరిగిందట, చెయ్యి పట్టీలో వేలాడేసుకుని అటూ ఇటూ నడుస్తున్నాడు, ఆమె అంతా చెప్పేసింది, ఎక్కడ జారాడు, ఏ వేళకి, ఎవరు ఎత్తారు. చెప్పి, మీ ఆయనకేమైంది దీదీ అని అడిగింది. చెకప్ అన్నాను. ఆమె అచ్ఛా అని నా మొహం కాసేపు చూసి, కొంగులోంచి వేయించిన వేరుశనక్కాయలు తీసి నా ఒళ్లో పోసింది. నాలుగు వారాల కిందట అయితే ఆమె అడగక్కర్లేకుండానే నేను మొత్తం చెప్పేదాన్ని. నా కడుపులో మాట ఆగదని మా అమ్మ పర్చూరులో ఊరందరికీ చెప్పుకుని నవ్వేది. ఇప్పుడు నా నోరంటే నాకే భయం వేస్తోంది. పాలవాడితో మాట్లాడాలన్నా ఏం అంటున్నానో ఒకసారి చూసుకుని అంటున్నాను.

ఆయనకి అది మొదటిసారి వచ్చింది క్రిస్మస్ వెళ్లిన వారానికి. ఆదివారం ఆరాధన నుంచి వచ్చి మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం, కోడికూర వండాను, మా అమ్మాయి ఇషితకి కాలు ముక్క వేశాను, ఆయన ముద్ద కలిపి నోటి దాకా తెచ్చి ఆగిపోయారు. ఏం, ఉప్పెక్కువైందా అన్నాను. పలకలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి, నా వైపే ఉన్నాయి, వాటిలో నేను లేను. ఎడమ చెయ్యి చొక్కా గుండీని పట్టుకుని తిప్పుతోంది, తిప్పుతూనే ఉంది. ఏవండీ, ఏవండీ అని ఎన్నిసార్లు పిలిచానో. అర నిమిషం ఉంటుందేమో. తర్వాత ఆ ముద్ద అలాగే నోట్లో పెట్టుకుని, ఏంది అట్టా చూస్తున్నావు నన్ను అన్నారు. పాపా తో హ్యాంగ్ హో గయే, ఫోన్ ఆగిపోయినట్టు పాపా ఆగిపోయారు అని ఇషిత నవ్వింది, దానికి పన్నెండేళ్లు, తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే వస్తుంది. నేనూ నవ్వాను. అలసట అనుకున్నాను. రెండోసారి ఫిబ్రవరి మొదట్లో, యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటూ ఉన్నారు, ఇస్త్రీ అంటే ఆయనకి పిచ్చి, నన్ను ముట్టుకోనివ్వరు, నేను వంటింట్లో చపాతీలు ఒత్తుతుంటే కాలిన వాసన వచ్చింది. పరిగెత్తి చూస్తే ఇస్త్రీపెట్టె చొక్కా మీద అలాగే ఉంది, పొగ లేస్తోంది, ఆయన దాన్ని పట్టుకుని గోడ వంక చూస్తున్నారు, రెండో చెయ్యి మళ్లీ గుండీ మీద. నేను ఇస్త్రీపెట్టె లాగేశాను. తెలివి వచ్చాక కాలిన చొక్కా చూసుకున్నారు, నన్ను చూశారు, ఆ చూపు నేను పెళ్లైన పదిహేనేళ్లలో ఎప్పుడూ చూడలేదు, చిన్నపిల్లాడు తప్పు చేసి దొరికినట్టు. ఎవరికీ చెప్పమాక దయా, అన్నారు. నా పేరు దయామణి, ఆయన దయా అని పిలిచేది ఏదైనా కావాల్సినప్పుడే.

ఎందుకు చెప్పకూడదో నాకు విప్పి చెప్పక్కర్లేదు, పటాలంలో కాపురం చేసిన ఏ ఆడదానికైనా తెలుసు. ఏ జబ్బూ లేనివాణ్ణి ఇక్కడ షేప్ వన్ అంటారు. ఆ మాట రికార్డులో చెరిగిపోయిందంటే ప్రమోషన్ లిస్టులో పేరు చెరిగిపోయినట్టే, ఈయన పేరు నాయబ్ సుబేదార్ లిస్టులో నాలుగోది. యూనిట్ ఆస్పత్రికి వెళ్తే అదే రోజు కాగితం మీదికి ఎక్కుతుంది. బయట పాలం బజార్లో ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్దాం, ఎవరికీ తెలియదు అన్నాను. వద్దన్నారు, నిద్ర చాలక అట్టా అవుతుంది, నాలుగు రోజులు పడుకుంటే అదే పోతుంది అన్నారు. పైగా ఆయనకి డిసెంబరు నుంచి స్కూల్ బస్సు డ్యూటీ, కంటోన్మెంటు పిల్లలందర్నీ స్కూలుకి దింపి తీసుకొచ్చే డ్యూటీ, దాని మీద ఆయనకి చెప్పలేనంత ఇష్టం. లేహ్‌లో మంచులో ట్రక్కు తోలిన మనిషి, పిల్లల బస్సు ఇచ్చారని ఇంటికి వచ్చి మిఠాయి పంచారు. పిల్లలు అంకుల్ అంకుల్ అని చుట్టూ మూగుతారు, అందులో మా ఇషిత కూడా ఉంటుంది, బస్సులో మాత్రం పాపా అనకుండా దూరంగా వెనక సీట్లో కూర్చుంటుంది, సిగ్గు. ఆ బస్సు రోజూ పొద్దున ఏడింటికి మా క్వార్టర్స్ గేటు దాటేది. నేను పై అంతస్తు వరండాలో నిలబడి చూసేదాన్ని. అది మలుపు తిరిగి కనపడకుండా పోయే దాకా నా పెదాలు కదులుతూనే ఉండేవి. మళ్లీ మధ్యాహ్నం రెండున్నరకి హారన్ వినపడే దాకా ఏ పని చేసినా చేతులే చేసేవి.

భారం అంతా ప్రభువు మీద వేసేయమ్మా అంటారు మా పాస్టరు గారు, ఎప్పుడు ఏం చెప్పుకున్నా అదే అంటారు, తలనొప్పి అన్నా అదే, తండ్రి పోయాడన్నా అదే. వేస్తాను. నేను వేయనిదెప్పుడు. గ్యాస్ సిలిండర్ రాలేదన్నా వేస్తాను, ఇషితకి లెక్కల్లో మార్కులు తగ్గాయన్నా వేస్తాను, బదిలీ ఎక్కడికి వస్తుందోనని వేస్తాను. కానీ నాదొక జబ్బు, వేసి ఊరుకోను, ఐదు నిమిషాలకోసారి వెళ్లి అది అక్కడే ఉందో లేదో చూసొస్తాను, చూసి వస్తూ వస్తూ దాన్ని మళ్లీ చంకనేసుకుని వస్తాను. మా ఆయన అయితే ఎప్పుడూ వేయరు, దేని గురించీ పైకి అనరు. ఆయన పుట్టినప్పుడు వాళ్లింట్లో ఇంకా ఎవరూ నమ్ముకోలేదు, మొక్కుకుని ఆ పేరు పెట్టారు, ఆయనకి పదేళ్లప్పుడు ఇల్లంతా బాప్తిస్మం తీసుకున్నా పేరు సర్టిఫికెట్లో ఉండిపోయింది. మా పాస్టరు గారు అందరినీ పేరు పెట్టి పిలుస్తారు, ఈయన్ని మాత్రం బ్రదర్ అంటారు, పేరు దగ్గరికి వచ్చేసరికి ఆయనకి దగ్గు వస్తుంది. ఈయన దానికీ నవ్వి ఊరుకుంటారు. నా ప్రార్థన నువ్వే చేసేస్తున్నావుగా, దేవుడికి ఇంటికొక మనిషి చాలు అంటారు. ఆ ఒక్క మనిషీ ఏం నిర్వాకం చేసిందో లోపల ఉన్న ఆయనకి ఇంకా తెలియదు.

పదకొండూ ఇరవై రెండు. తలుపు కదిలింది, ఆయన కాదు, ఎవరో టీ పళ్లెంతో లోపలికి వెళ్లాడు. ఆ తలుపు సందులోంచి ఆయన వీపు కనపడింది, కుర్చీలో నిటారుగా, మెడ వెనక కొత్తగా గొరిగించుకున్న జుట్టు. నిన్న సాయంత్రం పనిగట్టుకుని కటింగ్ చేయించుకొచ్చారు. జబ్బు మనిషిలా కనపడకూడదని. నాకు ఏడుపొచ్చింది, హర్యానా ఆవిడ చూస్తుందని ఒక వేరుశనక్కాయ ఒలిచాను.

మంగళవారం ప్రార్థన గురించి తలుచుకోకూడదనుకుంటాను, తలుచుకోకుండా ఉండలేను. ప్రతి మంగళవారం పన్నెండింటికి మా తెలుగు ఆడవాళ్లం పదిమందిమి ధనమ్మ ఆంటీ వాళ్ల క్వార్టర్లో కూడతాం, సోఫాలు గోడకి నెట్టి దుప్పటి పరుస్తుంది, ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి ప్రార్థన చేస్తే మిగతావాళ్లు స్తోత్రం అంటూ ఉంటారు. ధనమ్మ ఆంటీకి ఒక పట్టింపు ఉంది. దేవుడి దగ్గర మొక్కుబడిగా మాట్లాడకూడదు, ఆశీర్వదించు కాపాడు అని గుండుగుత్తగా అడిగితే అది అడగడమే కాదు, ఏం కావాలో వివరంగా అడగాలి అంటుంది. ఒకసారి ఎవరో నా కుటుంబాన్ని దీవించు తండ్రీ అని ముగించబోతే, కళ్లు మూసుకునే, ఏ విషయంలో అమ్మా అని మధ్యలో అడిగింది. అందుకని మా గుంపులో అందరం వివరంగానే చేస్తాం. ఆ మంగళవారం, ఫిబ్రవరి ఇరవై నాలుగున, నేను ఏమీ అనకూడదనే వెళ్లాను. ఒట్టు. మోకాళ్ల మీదికి వంగి, కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, తండ్రీ నీకన్నీ తెలుసు అని మొదలుపెట్టాను. అక్కడితో ఆపితే ఎంత బాగుండేది. తెలిసిన ఆయనకి మళ్లీ చెప్పడమెందుకు. కానీ నా గొంతు విని నాకే ఏడుపొచ్చింది, పక్కన ఎవరో నా వీపు మీద చెయ్యి వేసి స్తోత్రం స్తోత్రం అంటున్నారు, ఆ చెయ్యి వెచ్చగా ఉంది, రెండు నెలల నుంచి నా వీపు మీద ఎవరూ చెయ్యి వేయలేదు, ఇక ఆగలేదు. తారీఖులతో సహా చెప్పాను. ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోవడం చెప్పాను, గుండీ చెప్పాను, ఇస్త్రీపెట్టె చెప్పాను, బస్సులో పిల్లలున్నారు తండ్రీ, ఆ స్టీరింగ్ మీద నీ చెయ్యి ఉంచు తండ్రీ అన్నాను. దేవుడికి అడ్రసు తెలియదేమోనన్నట్టు ఏ బ్లాకులో ఏ క్వార్టరో కూడా చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. కళ్లు తెరిచాక గదిలో ఎవరూ నా వంక చూడలేదు. నేను మాత్రం ఎంత తేలికగా లేచానని, దారిలో మెంతికూర బేరమాడి, సన్నగా పాడుకుంటూ ఇంటికి వచ్చాను.

నేను ఎవరికీ చెప్పలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడనిది. ఆయన ఎవరికీ చెప్పమాక అన్నారు, నేను మనుషులెవరికీ చెప్పలేదు, దేవుడికి చెప్పాను. ధనమ్మ ఆంటీ కూడా ఎవరికీ చెప్పలేదు. గురువారం, మా ఆయన ఇంటికి రాకముందే, ఆమె తనంతట తనే ఏడ్చుకుంటూ వచ్చింది, పాపం. ముందు రోజు సాయంత్రం వాళ్లింట్లో కుటుంబ ప్రార్థనలో నా భారం తన భారంగా ఎత్తుకుందట, అలవాటు ప్రకారం వివరంగా. వాళ్లాయన సుబేదార్ వీరభద్రరావు గారు పక్కన మోకాళ్ల మీద ఉన్నారట. మా యూనిట్‌లో ఏ బండికి ఏ డ్రైవరో రాసేది ఆయనే. ఆయన ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచారట. ఆమెన్ కూడా అనకుండా లేచి వెళ్లి బయట నిలబడ్డారట. ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు, ఆయన మనవరాలు కూడా అదే బస్సులో వెళ్తుంది, లేకపోయినా ఆయన చేయాల్సింది అదే. గురువారం పొద్దున్నే మా ఆయన్ని స్టీరింగ్ మీంచి దింపి నేరుగా ఆఫీసుకి పిలిచారు. ఎవరు చెప్పారో వాళ్లు చెప్పలేదు. ధనమ్మ ఆంటీ నా చేతులు పట్టుకుని, మేం నీ పేరు పైకి రానివ్వం దయామణీ, నువ్వు భయపడమాక అంది. అది వినగానే నాకు హాయిగా అనిపించింది. అది ఒప్పుకోవాలి, హాయిగానే అనిపించింది.

మూడోది కూడా ఒకటుంది, నేను చూడనిది, అప్పటిదాకా మా ఆయన నాకు చెప్పనిది, శ్రీరాములు చూశాడు. శ్రీరాములు కూడా డ్రైవరే, అనంతపురం వాడు, ఇద్దరూ ఒకే రోజు భర్తీ అయ్యారు, ట్రైనింగ్‌లో ఒకే పళ్లెంలో తిన్నారు, ఇషిత పుట్టినప్పుడు ఈయన సరిహద్దులో ఉంటే ఆస్పత్రిలో సంతకం పెట్టింది శ్రీరాములే. జనవరిలో ఒకరోజు ఇద్దరూ టీ తాగుతుంటే ఈయన గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయారట, శ్రీరాములు భుజం కుదిపాడట. అందుకని ఆఫీసు నుంచి రాగానే మా ఆయన అన్న మొదటి మాట, వాడే. బయట చూసింది వాడొక్కడే, లిస్టులో నా తర్వాత పేరు వాడిదే, ఇంకెవడు చెప్తాడు. నేను అప్పుడు కుక్కర్ మూత పెడుతున్నాను. నోరు తెరిచాను. కుక్కర్ మూత సరిగ్గా పట్టలేదు, తీసి మళ్లీ పెట్టాను, అంతలో ఆయన స్నానానికి వెళ్లిపోయారు. ఆదివారం సాయంత్రం శ్రీరాములు వచ్చాడు, తలుపు కొట్టాడు, తిరుమలేషూ, నీ మీద ఒట్టు, నాకేం తెలీదురా అన్నాడు బయట నిలబడే. మా ఆయన టీవీ గొంతు పెంచారు. నేను తలుపుకి ఇవతల నిలబడి ఉన్నాను, చేతిలో అప్పడాల కర్ర, తలుపుకీ నాకూ మధ్య జానెడు. ఒక్క మాట అంటే చాలు. అతను ఎంతసేపో నిలబడి, చెప్పులు ఈడ్చుకుంటూ మెట్లు దిగిపోయాడు. ఆ పూట నేను చపాతీలు మాడ్చేశాను, మా ఆయన ఏమీ అనకుండా తినేశారు.

పదకొండూ నలభై ఒకటి. ఇప్పుడైనా ప్రార్థన చేద్దామంటే రావడం లేదు. మనసులో చేసే అలవాటు నాకు లేదు, నోరు కదలకపోతే నాకు ప్రార్థన కాదు, ఇక్కడ నోరు కదిపితే హర్యానా ఆవిడ వింటుంది, ఆమెకి తెలుగు రాకపోయినా వింటుంది. ప్రభువా, ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. నేను బాగుచేయమని అడిగాను. పట్టించమని అడగలేదు. నువ్వు విన్నావా, లేక వీరభద్రరావు గారు మాత్రమే విన్నారా. విన్నది నువ్వే అయితే ఇదేనా జవాబు, మనిషి పరువు తీసి, స్నేహితుణ్ణి దూరం చేసి, మెడ వెనక జుట్టు గొరిగించుకుని ముగ్గురు ఆఫీసర్ల ముందు కూర్చోబెట్టడమా. వినలేదూ అంటే నేను అంతసేపు గోడకి చెప్పానా. ఇంకో మాట కూడా లోపల తిరుగుతోంది, దాన్ని తోసేస్తూ ఉంటాను, ఆ బస్సు ఇప్పుడు వేరే మనిషి నడుపుతున్నాడు, పొద్దున ఏడింటికి అది గేటు దాటుతుంటే నేను వరండాలోకి వెళ్లడం మానేశాను, నాకు భయం పోయింది. మొగుడి బతుకు పాడైన రోజు నుంచి నాకు కడుపునిండా నిద్ర పడుతోంది. ఇంతకంటే సిగ్గులేని ఆడది ఎక్కడైనా ఉంటుందా. దీన్ని ఏ మంగళవారం ఏ దుప్పటి మీద చెప్పుకోను. వేయడానికి నా దగ్గర ఇప్పుడున్న భారం ఇదే, దీన్ని ఎత్తడానికే చేతకావడం లేదు, ఇక నీ మీద ఎక్కడ వేసేది.

ఆయన కోప్పడితే పడతాను. నాతో మాట్లాడటం మానేస్తే? శ్రీరాములుతో మానేసినట్టు? ఆయనకి కోపం వస్తే అరవరు, ఆ మనిషి లేనట్టే నడుచుకుంటారు. శ్రీరాములుకి వేరే ఇల్లుంది, పెళ్లాం హరిత ఉంది, నేను అదే ఇంట్లో లేనట్టుగా ఎలా తిరగను. వద్దులే, ఇవాళ వద్దు, ఇవాళ బోర్డు ఏం చెప్తుందో చూసి రేపు చెప్తాను అనుకున్నాను, అనుకుంటూ ఉండగానే తలుపు తెరుచుకుంది.

ఫైలు చంకలో పెట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. నడక మామూలుగానే ఉంది. పన్నెండుకి ఇంకా రెండు నిమిషాలుంది. హర్యానా ఆవిడ ఏం అనిపించిందో లేచి మొగుడి దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన కమ్మీల్లోంచి బయటికి చూస్తూ, ఆర్నెల్లు, అన్నారు. ఆర్నెల్లు స్టీరింగ్ ముట్టుకోకూడదు, మాత్రలు వేసుకోవాలి, మళ్లీ బోర్డుకి రావాలి, ఆలోపల అది ఇంకోసారి రాకపోతే బండి తిరిగి ఇచ్చే మాట అప్పుడు చూస్తారు. లోపల కాగితాలు రాస్తున్నారు, అరగంటలో సంతకాలు పెట్టి పిలుస్తారు. చెప్తున్నంతసేపూ ఆయన గొంతు బాగానే ఉంది. తర్వాత, శ్రీరాములు గాడికి కబురు పంపు, పండగ చేసుకుంటాడు, అన్నారు.

"శ్రీరాములు కాదండీ," అన్నాను. "నేను."

ఆయన తల తిప్పి చూశారు. ఇక ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని గబగబా చెప్పేశాను, మంగళవారం, దుప్పటి, ధనమ్మ ఆంటీ, వాళ్లింట్లో ప్రార్థన, సుబేదార్ సాబ్, అన్నీ. ఆదివారం శ్రీరాములు తలుపు కొట్టినప్పుడు నేను తలుపు వెనకే ఉన్నానని కూడా చెప్పాను.   చీపురామె మా కాళ్ల దగ్గరికి వచ్చి ఊడుస్తుంటే ఇద్దరం కాళ్లు పైకెత్తాం, ఆమె వెళ్లాక దించాం.

"ప్రార్థనలోనా?" అన్నారు.

"ప్రార్థనలోనే."

 నేను ఎదురుచూసిన కోపం రాలేదు, అది రాకపోతే నాకు ఇంకా భయం వేసింది. ఆయన ఫైలు తెరిచారు, మూశారు. ఎన్నిసార్లు వచ్చిందని లోపల మేడమ్ అడిగింది, అన్నారు, రెండుసార్లు అని చెప్పాను. రెండే కదా అన్నాను. అని, టీ గ్లాసు గుర్తొచ్చి, మూడు అన్నాను.

"నీకు తెలిసినవి మూడు," అన్నారు. "ఐదు."

నాలుగోది జీతాల క్యూలో నిలబడి ఉండగా వచ్చిందట. ఐదోది ఎక్కడ అని నేను అడగలేదు, అడగక్కర్లేకుండానే తెలిసిపోయింది, ఆయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూస్తున్నారు. ధౌలా కువా సిగ్నల్ దగ్గర. ఎర్ర లైటుకి ఆపారు, అంతవరకే గుర్తుంది. తర్వాత వెనకాల హారన్లు, పిల్లలు అంకుల్ అంకుల్ అని అరుస్తున్నారు, లైటు ఎన్నిసార్లు మారిందో తెలియదు. కాలు బ్రేకు మీద ఉండబట్టి సరిపోయింది. ముప్పై ఒక్కమంది పిల్లలు. ఇషిత వెనక సీట్లో నిద్రపోతోంది, దానికేమీ తెలియదు. పిల్లలకి జోక్ చేశానని చెప్పి నవ్వించి, స్కూల్లో దింపి, ఖాళీ బస్సులో కూర్చున్నారట. ఎప్పుడు అన్నాను. ఫిబ్రవరి ఇరవై మూడు, సోమవారం అన్నారు. నేను మోకరించింది ఆ మర్నాడు. ఆ మర్నాడు కూడా ఈయన బస్సు నడిపారు, ఆ తర్వాతి రోజు కూడా. నేను వరండాలో నిలబడి చూశాను.

దేవుడికి స్తోత్రం అనాలో, ఈ మనిషి చెంప పగలగొట్టాలో తెలియలేదు. రెండూ చేయలేదు. 

లోపలికి వెళ్లి చెప్పండి అన్నాను. చెప్తే ఆర్నెల్లు కాదు, ఇక జన్మలో ఇవ్వరు అన్నారు. ఆర్నెల్లయ్యాక మీ చేతికి ఆ బస్సు ఇస్తే అన్నాను, మాట పూర్తి చేయలేకపోయాను. ఆయన లేవబోయారు. నిజంగానే లేవబోయారు, ఫైలు బెంచీ మీద పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఊని సగం లేచారు, మళ్లీ కూర్చున్నారు. ఇరవై ఏళ్ల పటాలం మనిషి, లేహ్‌లో కొండ అంచున ట్రక్కు తిప్పిన మనిషి, పది అడుగుల దూరంలో ఉన్న తలుపు దాకా వెళ్లలేకపోయారు.

"నా వల్ల కాదు దయా," అన్నారు. "నువ్వు చెప్పు. నీకు అలవాటే కదా."

అందులో కోపం ఉందో, క్షమాపణ ఉందో, ఎగతాళి ఉందో ఆయన మొహంలో వెతకడానికి ధైర్యం చాల్లేదు. నేను లేచాను, ఒళ్లోని వేరుశనక్కాయలు కింద పడిపోయాయి. ఆయన చేతి మీద చెయ్యి వేశాను, లాక్కోలేదు, పట్టుకోనూ లేదు. తలుపు మీద రెండుసార్లు కొట్టి తోశాను. ముగ్గురూ తలెత్తారు. మధ్యలో కూర్చున్న మేడమ్ చేతిలో పెన్ను ఉంది, క్యా బాత్ హై అంది నెమ్మదిగానే. నాకు కళ్లు మూసుకోవాలనిపించింది, ఎంత గట్టిగా అనిపించిందో, మూసుకుంటే మాటలు వాటంతటవే వచ్చేస్తాయి, తెలుగులో, వివరంగా. తెరిచే ఉంచాను. ఆమె మొహంలోకి చూశాను.

"దో నహీ, మేడమ్," అన్నాను. "పాంచ్."